చెక్‌అవుట్ కాంపొనెంట్ కాంప్లెక్సిటీ 43: ముందు ఏం కొలవాలి, తర్వాత ఎక్కడ కొయ్యాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది: రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే లైబ్రరీ), టైప్‌స్క్రిప్ట్ (టైపులు చేర్చిన జావాస్క్రిప్ట్) వాడి రాసిన చెక్‌అవుట్ పేజీ, అంటే ఆర్డర్ పెట్టి డబ్బు కట్టే పేజీ. ప్రధాన కాంపొనెంట్ (పేజీలో ఒక భాగాన్ని గీసే ఫంక్షన్) 870 లైన్లు. కోడ్‌ను తనిఖీ చేసే ఈఎస్‌లింట్ దాని కాంప్లెక్సిటీ (ఎంత చిక్కుగా ఉందో చెప్పే స్కోరు) 43 అంటోంది, టీమ్ లీడ్ 10కి దించమన్నారు. ఫంక్షన్లుగా విడగొడితే చాలా, లేక మొత్తం తిరగరాయాలా?

రెండూ వద్దు. తిరగరాయడం ఎందుకు వద్దో మీకు తెలిసే ఉంటుంది: ఆ 870 లైన్లలో ఎప్పుడో ఎవరో కస్టమర్ ఫోన్ చేసి తిడితే పెట్టిన షరతులు డజను దాకా ఉంటాయి, అవి ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండవు. విడగొట్టడం సంగతి మాత్రం కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే అక్కడే ఎక్కువ మంది బోల్తాపడతారు.

ఈఎస్‌లింట్ చూపించేది సైక్లొమాటిక్ కాంప్లెక్సిటీ. ప్రతి ఫంక్షన్‌కూ 1తో మొదలుపెట్టి, దారి చీలే ప్రతిచోటా ఒకటి కలుపుతుంది: ఇఫ్, లూప్, స్విచ్‌లో ఒక్కో కేస్, టెర్నరీ (ఒక్క లైనులో ఇఫ్-ఎల్స్), && (రెండూ నిజమైతే), || (ఏదో ఒకటి నిజమైతే), ?? (విలువ లేకపోతే). అంటే మీ 43లో 42 నిర్ణయాలు ఉన్నాయి, ఒకటి ఫంక్షన్ తాలూకు. షరతుల్ని ముట్టుకోకుండా దాన్ని ఆరు ఫంక్షన్లుగా కోశారనుకోండి. నిర్ణయాలు అవే 42, ఫంక్షన్లు ఆరు, మొత్తం 48. ఏ ఒక్క ఫంక్షనూ 10 దాటదు, లింట్ నోరు మూసుకుంటుంది, మాడ్యూల్ మాత్రం ఐదు పాయింట్లు బరువెక్కింది. అందుకే ఎప్పుడూ రెండు సంఖ్యలు రాసిపెట్టుకోండి: మాడ్యూల్‌లో అత్యధిక స్కోరు ఒకటి, అన్ని ఫంక్షన్ల మొత్తం ఒకటి. మొదటిది దిగి రెండోది పెరిగితే మీరు సామాను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చారంతే.

10 అనే హద్దు సంగతి కూడా. ఈ కొలతను థామస్ మెకేబ్ 1976లో ప్రతిపాదించారు. అప్పుడు ఆయన ముందున్నవి ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాములు. 10 సబబైన హద్దే కానీ మంత్రసంఖ్య కాదని ఆయనే ఆ పేపర్‌లో రాశారు. ఈఎస్‌లింట్ డిఫాల్ట్ 20. జేఎస్‌ఎక్స్ (జావాస్క్రిప్ట్‌లోనే హెచ్‌టీఎంఎల్ లాగా రాసే పద్ధతి) రాసే కాంపొనెంట్‌లో "ఉంటే చూపించు, లేకపోతే వద్దు" అనే ప్రతి చిన్న && కూడా ఒక పాయింటే కాబట్టి, నిజంగా సులభంగా చదవగలిగే కాంపొనెంట్ కూడా 12, 13 దగ్గర కనిపించడం మామూలు.

ఇంకో మాట. మీ టీమ్ ఈమధ్యే ఈఎస్‌లింట్ 8 నుంచి 9కి మారి ఉంటే, కోడ్ మారకపోయినా స్కోరు పెరిగి ఉంటుంది. 9 నుంచి ?. ను (విలువ ఉంటేనే దాని లోపలిది చదివే గుర్తు), డిఫాల్ట్ విలువలను కూడా ఈ రూల్ లెక్కిస్తోంది. పాత రిపోర్టుతో పోల్చే ముందు వెర్షన్ చూసుకోండి.

కొలత ఇలా తీయండి. కాంప్లెక్సిటీ రూల్ హద్దును 0 పెట్టి ఒక్క చెక్‌అవుట్ ఫోల్డర్ మీదే లింట్ నడపండి. హద్దు సున్నా కాబట్టి ప్రతి ఫంక్షనూ తప్పుచేసినట్టే వస్తుంది, దాని స్కోరుతో సహా. అవుట్‌పుట్ జేసన్‌లో తీసుకుని ఒక షీట్‌లో పడేయండి. ఇక్కడ ఒక చిక్కు: ఈఎస్‌లింట్ లోపలి ఫంక్షన్‌ను విడిగా లెక్కిస్తుంది. లిస్టును మ్యాప్ చేసే యారో ఫంక్షన్‌లో ఏడు షరతులుంటే అవి బయటి కాంపొనెంట్ ఖాతాలో పడవు. కాబట్టి 43 అనేది మీ ఫైలు మొత్తం కాదు. ఫైలు మొత్తం 80 దాటి ఉన్నా నేను ఆశ్చర్యపోను.

పక్క కాలమ్‌లో కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ (చదివేవాడికి ఎంత కష్టమో కొలిచేది) పెట్టండి. ఇది సోనార్‌సోర్స్ వాళ్లది, వాళ్ల కోడ్ తనిఖీ సాధనం సోనార్‌క్యూబ్‌లో డిఫాల్ట్ హద్దు 15. ఈఎస్‌లింట్‌కు సోనార్‌జేఎస్ ప్లగిన్ ద్వారా దొరుకుతుంది. రెండింటికీ తేడా ఒక ఉదాహరణతో తేలిపోతుంది. బటన్ మీద ఏ మాట చూపాలో తేల్చే ఫంక్షన్ ఇలా ఉందనుకోండి:

ఆర్డర్ ఉంటే:
— చెల్లింపు నడుస్తుంటే: "చెల్లింపు జరుగుతోంది"
— లేదా ఎర్రర్ వచ్చి, ప్రయత్నాలు మిగిలి ఉంటే: "మళ్లీ ప్రయత్నించండి"
— లేకపోతే:
—— క్యాష్ ఆన్ డెలివరీ అయితే: "ఆర్డర్ ఖాయం చేయండి"
—— లేకపోతే: "చెల్లించండి"
లేకపోతే: "లోడ్ అవుతోంది"

సైక్లొమాటిక్ లెక్కలో ఇది 6: మూల పాయింటు 1, నాలుగు ఇఫ్‌లు, ఒక &&. కాగ్నిటివ్ లెక్కలో మూల పాయింటు ఉండదు, కానీ లోతుకు జరిమానా ఉంది. బయటి ఇఫ్ 1. లోపలి ఇఫ్ ఒక మెట్టు కింద కాబట్టి 2. ఎల్స్‌-ఇఫ్ 1, && 1, ఎల్స్ 1. క్యాష్ ఆన్ డెలివరీ ఇఫ్ రెండు మెట్ల కింద కాబట్టి 3, దాని ఎల్స్ 1, చివరి ఎల్స్ 1. మొత్తం 11.

ఇప్పుడు అదే పనిని వరసగా రాయండి. ఆర్డర్ లేకపోతే "లోడ్ అవుతోంది" ఇచ్చి బయటికి. చెల్లింపు నడుస్తుంటే దాని మాట ఇచ్చి బయటికి. ఎర్రర్, ప్రయత్నాలు ఉంటే బయటికి. క్యాష్ ఆన్ డెలివరీ అయితే బయటికి. చివర "చెల్లించండి". సైక్లొమాటిక్ అదే 6, కాగ్నిటివ్ 5. చదివేవాడికి కలిగిన ఊరటను రెండో కొలతే పట్టుకుంది. టెస్టులు ఎన్ని కావాలో అంచనాకు మొదటిది పనికొస్తుంది: 6 అంటే దారులన్నీ తాకడానికి సుమారు ఆరు టెస్టులు. మెయింటెయినబిలిటీ ఇండెక్స్ అని ఇంకొకటి ఉంది, లైన్ల సంఖ్యా హాల్‌స్టెడ్ వాల్యూమూ (కోడ్‌లోని గుర్తులు, పేర్ల లెక్క) కలిపి వండే సంఖ్య. యూఐ కోడ్‌కు దానివల్ల ఏం చేయాలో తెలియదు, వదిలేయండి.

అయితే ఈ రెండు కొలతలూ కలిసి కూడా యూఐలో అసలు రోగాన్ని చూడలేవు. యూజ్‌ఎఫెక్ట్ (కాంపొనెంట్ రెండర్ అయ్యాక, అంటే గీయడం అయ్యాక నడిచే కోడ్) బ్లాకులో ఒక్క ఇఫ్ కూడా లేకపోతే దాని స్కోరు 1. అలాంటివి ఐదు ఒకదాన్నొకటి తన్నుకుంటూ నడుస్తున్నా లింట్‌కు అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. అందుకని షీట్‌లో చేత్తో ఇంకో మూడు కాలమ్‌లు చేర్చండి: కాంపొనెంట్‌కు యూజ్‌స్టేట్‌లు (అది గుర్తుపెట్టుకునే విలువలు) ఎన్ని, యూజ్‌ఎఫెక్ట్‌లు ఎన్ని, బూలియన్ (అవును/కాదు) ప్రాప్స్, అంటే బయటి నుంచి అందే విలువలు, ఎన్ని. గ్రెప్ (ఫైళ్లలో మాటలు వెతికే కమాండ్)తో పది నిమిషాల పని. గిట్ లాగ్ (కోడ్ మార్పుల చరిత్ర) నుంచి గత ఆరునెలల్లో ఒక్కో ఫైలు ఎన్ని కమిట్లలో మారిందో కూడా తీసి పక్కన పెట్టండి. స్కోరు 30 ఉండి రెండేళ్లుగా ఎవరూ ముట్టని ఫైలు జోలికి పోవద్దు. స్కోరు 18 ఉండి వారంవారం మారే ఫైలే మీ డబ్బు తింటున్నది.

కోత మొదలుపెట్టే ముందు టెస్టులు. 43 స్కోరున్న ఫంక్షన్‌కు దారికొకటి చొప్పున యూనిట్ టెస్టులు రాయడం వృథా, రేపు ఆ ఫంక్షనే ఉండదు. యూజర్ చేసే పనుల స్థాయిలో రాయండి: యూపీఐతో కొనడం, కార్డుతో కొనడం, క్యాష్ ఆన్ డెలివరీ, కూపన్ పెట్టి తీసేయడం, చెల్లింపు విఫలమై మళ్లీ చేయడం, పిన్‌కోడ్ మార్చడం, కార్ట్ ఖాళీ అవడం. పది పన్నెండు చాలు. రియాక్ట్ టెస్టింగ్ లైబ్రరీతో బటన్‌ను దాని మీది మాటతో, ఫీల్డును దాని లేబుల్‌తో పట్టుకోండి. సర్వర్ జవాబులను ఎంఎస్‌డబ్ల్యూ (మాక్ సర్వీస్ వర్కర్ లైబ్రరీ)తో నకిలీ చేయండి. స్నాప్‌షాట్ టెస్టులు (అవుట్‌పుట్‌ను పాత కాపీతో పోల్చేవి) ఈ పనికి పనికిరావు, ఒక డివ్ జరిపితే అన్నీ ఎర్రబడతాయి, చివరికి అందరూ చూడకుండా అప్‌డేట్ కొట్టేస్తారు.

ఇప్పుడు ఆ 42 నిర్ణయాలను ప్రింట్ తీసో, స్క్రీన్ మీద రంగులు వేసో, ఏ వేరియబుల్‌ను అడుగుతున్నాయో దాన్ని బట్టి గుంపులు కట్టండి. ఈ ఒక్క పని చేస్తే సగం సమాధానం మీకే కనిపిస్తుంది. "చెల్లింపు నడుస్తోందా" అనే ప్రశ్న బటన్ మాటకు ఒకసారి, బటన్‌ను మూయడానికి ఒకసారి, స్పిన్నర్‌కు ఒకసారి, వెనక్కి వెళ్లే లింక్‌కు, చిరునామా మార్చే లింక్‌కు, కూపన్ పెట్టెకు ఒక్కోసారి అడిగి ఉంటారు. యూఐలో కాంప్లెక్సిటీ చాలావరకు ఇలా ఒకే ప్రశ్నను పదిచోట్ల అడగడం వల్ల వచ్చేదే. పదిచోట్ల అడిగినప్పుడు ఎనిమిదిచోట్ల ఒకలా, రెండుచోట్ల ఇంకోలా అడుగుతారు. బగ్గులు ఉండేది ఆ రెండింట్లోనే.

మూలం బూలియన్ల దగ్గర ఉంది. లోడింగ్, సబ్మిట్ అవుతోంది, ఎర్రర్ ఉంది, పూర్తయింది, మళ్లీ ప్రయత్నం: ఐదు యూజ్‌స్టేట్‌లు, ఐదు బూలియన్లు. కలయికలు 32. వాటిలో అర్థమున్నవి ఐదారు. మిగతావి ఎప్పటికీ రాకూడనివి, కానీ రాకుండా ఆపేది ఏదీ లేదు. సెట్‌ల వరసలో ఒకటి మర్చిపోతే "పూర్తయింది", "ఎర్రర్ ఉంది" రెండూ నిజమై కూర్చుంటాయి.

మన దేశంలో చెక్‌అవుట్ రాసేవాళ్లు దీన్ని యూపీఐ దగ్గర తప్పకుండా ఎదుర్కొంటారు. రిక్వెస్ట్ వెళ్లింది, యూజర్ ఫోన్‌పేకో గూగుల్ పేకో వెళ్లి పిన్ కొట్టాడు, తిరిగి మీ పేజీకి వచ్చాడు, గేట్‌వే నుంచి ఇంకా ఖాయం రాలేదు. అది సఫలమూ కాదు, విఫలమూ కాదు, పెండింగ్. బూలియన్ల కోడ్‌లో ఈ స్థితికి చోటే ఉండదు: సబ్మిట్ అవడం ఆగింది, ఎర్రర్ లేదు, పూర్తి కాలేదు, కాబట్టి ఫారం మొదట్లో ఉన్నట్టే కనిపిస్తుంది. బటన్ మళ్లీ వెలుగుతుంది, యూజర్ రెండోసారి డబ్బు కడతాడు.

అందుకని ఆ ఐదింటినీ తీసేసి ఒకే స్థితి పెట్టండి: లోడింగ్, నింపుతున్నారు, పంపాం, పెండింగ్, విఫలం, పూర్తి. టైప్‌స్క్రిప్ట్‌లో దీన్ని డిస్క్రిమినేటెడ్ యూనియన్‌గా (స్థితి పేరును బట్టి డేటా మారే టైప్‌గా) రాస్తే, ఏ స్థితికి ఏ డేటా ఉంటుందో కూడా కట్టేయొచ్చు. ఎర్రర్ సందేశం విఫలంలోనే ఉంటుంది, లావాదేవీ నంబరు పెండింగ్‌లోనూ పూర్తిలోనూ ఉంటుంది. లేని స్థితిలో దాన్ని చదవబోతే కంపైలరే ఒప్పుకోదు, అంటే ఆ తనిఖీల ఇఫ్‌లు మీరు రాయక్కర్లేదు. పెండింగ్‌లో బటన్ ఉండదు, సర్వర్‌ను కొంచెం కొంచెం సేపటికి అడగడం మాత్రమే ఉంటుంది. పేజీ రీఫ్రెష్ చేసినా ఆర్డర్ నంబరును బట్టి మళ్లీ అదే స్థితికి రావాలి.

స్థితి ఒకటయ్యాక బటన్ మాట, మూత, స్పిన్నర్ అన్నీ ఒక పట్టికలోకి వస్తాయి: ఒక్కో స్థితికి ఒక్కో వరస. దాని టైప్‌ను రికార్డ్ అని, కీలు స్థితి పేర్లు అని రాయండి. రేపు ఎవరైనా "రీఫండ్" అని కొత్త స్థితి చేర్చి పట్టికలో వరస మర్చిపోతే బిల్డ్ ఆగుతుంది. పై ఉదాహరణలోని ఐదు నిర్ణయాల్లో ఎక్కువ భాగం స్థితి తేల్చే చోట ఒకేసారి జరుగుతాయి, ఆరేడుచోట్ల నకళ్లు పోతాయి. మొత్తం సంఖ్య నిజంగా దిగేది ఇక్కడ.

స్థితి మార్పులకు యూజ్‌రెడ్యూసర్ (మార్పులన్నీ ఒకేచోట రాసే రియాక్ట్ సాధనం) చాలు. ఎక్స్‌స్టేట్ లాంటి లైబ్రరీ కావాలా అంటే, ఒకే స్థితిలో ఇంకో స్థితి ఇమిడే పరిస్థితి, టైమర్లు, సమాంతరంగా నడిచే భాగాలు వచ్చేదాకా వద్దంటాను. రెడ్యూసర్‌లో స్విచ్ పెద్దదవుతుంది, సైక్లొమాటిక్ స్కోరు 15 చూపించొచ్చు. దాన్ని చూసి కంగారుపడి స్విచ్‌ను ముక్కలు చేయకండి. స్విచ్ మొత్తాన్ని ఒకటిగా లెక్కించే మోడిఫైడ్ వేరియంట్ ఈఎస్‌లింట్ కొత్త వెర్షన్లలో ఉంది. కాగ్నిటివ్ లెక్కలో స్విచ్ ఎలాగూ ఒక్కటే.

తర్వాతిది ?. ల గుంపు. డేటా వచ్చే ముందే కాంపొనెంట్ రెండర్ అవుతుంది కాబట్టి చిరునామాకు, ఊరికి, పిన్‌కోడ్‌కు ప్రతిచోటా ?. పెడతారు. ఒక్కోటి ఒక పాయింటు. కాంపొనెంట్‌ను రెండుగా చేయండి: బయటిది డేటా తెచ్చి, లోడింగ్, ఎర్రర్ చూసుకుని, డేటా ఉంటేనే లోపలిదాన్ని పిలుస్తుంది, లోపలిది ఖాళీ కాని డేటానే ప్రాప్‌గా తీసుకుంటుంది. ఒక్క తనిఖీతో పదీ పన్నెండు ?. లు పోతాయి.

ఈ విభజనే ఇంకో ప్రమాదాన్నీ తప్పిస్తుంది. గూడుకట్టిన ఇఫ్‌లను వరస రిటర్న్‌లుగా మార్చమన్నాను కదా, అదే పని కాంపొనెంట్ పైభాగంలో చేస్తే, రిటర్న్ కింద ఏదైనా హుక్ (యూజ్‌స్టేట్, యూజ్‌ఎఫెక్ట్ లాంటిది) ఉంటే, డేటా వచ్చినప్పుడో పోయినప్పుడో రియాక్ట్ హుక్కుల సంఖ్య మారిందని ఎర్రర్ విసిరి పేజీ పడగొడుతుంది. డెవలప్‌మెంట్‌లో డేటా కాష్‌లో ఉండి కనపడదు, ప్రొడక్షన్‌లో కనిపిస్తుంది. ముందస్తు రిటర్న్‌లన్నీ హుక్కులన్నిటి తర్వాతే ఉండాలి, లేదా బయటి కాంపొనెంట్‌లో ఉండాలి. రూల్స్ ఆఫ్ హుక్స్ లింట్ ఆఫ్ చేసి ఉంటే ముందు అది ఆన్ చేయండి.

ఇక ఎఫెక్ట్‌లు. మీ ఫైల్లో ఇలాంటి గొలుసు ఒకటి ఉండి తీరుతుంది: పిన్‌కోడ్ మారితే ఒక ఎఫెక్ట్ డెలివరీ చార్జి పెడుతుంది, చార్జి మారితే ఇంకోటి మొత్తం పెడుతుంది, మొత్తం మారితే మూడోది క్యాష్ ఆన్ డెలివరీ అర్హత పెడుతుంది. ప్రతి మెట్టుకూ ఒక అదనపు రెండర్, మధ్యలో కొత్త పిన్‌కోడ్ పక్కన పాత మొత్తం కనిపించే క్షణం. మొత్తమూ, అర్హతా స్టేట్ కాదు. కార్ట్, కూపన్, చార్జి ఉంటే లెక్కకట్టగలిగేవి. వాటి యూజ్‌స్టేట్, యూజ్‌ఎఫెక్ట్ తీసేసి, రెండర్‌లోనే మామూలు ఫంక్షన్‌ను పిలిచి లెక్కించండి. ఇరవై వస్తువుల కార్ట్‌కు యూజ్‌మెమో (లెక్క ఫలితాన్ని దాచుకునే హుక్) కూడా అక్కర్లేదు. ఆ ఫంక్షన్ రియాక్ట్ ఊసు లేని విడి ఫైల్లో ఉంటుంది కాబట్టి దాని టెస్టు మూడు లైన్లు.

చార్జి కోసం సర్వర్‌ను అడగడం ఒక్కటే నిజమైన ఎఫెక్ట్. అక్కడ జవాబుల క్రమం చూసుకోవాలి. యూజర్ 500081 (హైదరాబాద్‌లో మాదాపూర్) కొట్టి, వెంటనే 520001 (బెజవాడ)కి మార్చాడు. మాదాపూర్ జవాబు ఆలస్యమై బెజవాడ జవాబు తర్వాత వస్తే, బెజవాడ చిరునామాకు హైదరాబాద్ చార్జి పడుతుంది. ఎఫెక్ట్ క్లీనప్‌లో అబార్ట్‌కంట్రోలర్‌తో పాత రిక్వెస్ట్‌ను ఆపేయండి.

ఇదంతా అయ్యాకే కాంపొనెంట్లుగా విడగొట్టడం. ఎక్కడ కొయ్యాలి? చిరునామా, కార్ట్ సారాంశం, చెల్లింపు: కలిసి మారేవి కలిసి. కోసిన ముక్కకు ఐదారు ప్రాప్స్ మించి అవసరమైతే కోత తప్పుచోట పడిందన్నమాట. 300 లైన్లను ఎత్తి "యూజ్‌చెక్‌అవుట్" అనే ఒకే హుక్‌లో పడేసి, అది ఇరవై విలువలు తిరిగి ఇచ్చేలా చేయడం అందరికీ తట్టే అడ్డదారి. స్కోరు కాంపొనెంట్ నుంచి హుక్‌లోకి దూకుతుంది, అంతే. కోసిన కాంపొనెంట్‌ను పాత కాంపొనెంట్ బాడీ లోపలే నిర్వచించడం ఇంకా పెద్ద తప్పు: ప్రతి రెండర్‌లోనూ రియాక్ట్‌కు అది కొత్త కాంపొనెంట్, పాతది తీసేసి కొత్తది పెడుతుంది, ఒక అక్షరం కొట్టగానే ఇన్‌పుట్ నుంచి కర్సర్ ఎగిరిపోతుంది. బయటికి, ఫైల్ స్థాయికి తీయండి. జేఎస్‌ఎక్స్‌లో && సరిచేస్తున్నప్పుడు ఎడమవైపు సంఖ్య ఉంటే కూడా చూడండి; కూపన్ల సంఖ్య 0 అయితే పేజీ మీద 0 అనే అంకె కనిపిస్తుంది.

పుల్ రిక్వెస్ట్‌లు చిన్నవిగా పెట్టండి, జరపడం ఒకదానిలో, మార్చడం ఇంకోదానిలో. రెండూ కలిపితే రివ్యూ చేసేవాళ్లు ఏది కొత్తదో పట్టుకోలేరు. హద్దును మొదటి రోజే 10 చేస్తే ఫైలంతా డిసేబుల్ కామెంట్లతో నిండిపోతుంది. ఈఎస్‌లింట్ 9.24 నుంచి ఉన్న సప్రెషన్ ఫైలుతో పాత తప్పులను పక్కన పెట్టి, కొత్త కోడ్‌కు మాత్రం హద్దు ఎర్రర్‌గా పెట్టండి. పాతవి సరిచేసిన కొద్దీ ఆ ఫైలు చిన్నదవుతుంది.

మీ లీడ్‌తో 10 గురించి కాస్త బేరం ఆడండి. నేనైతే కాగ్నిటివ్ 15 ఎర్రర్, సైక్లొమాటిక్ 15 వార్నింగ్, ఒకదానిలో ఒకటి గూడుకట్టే లోతు 3, ఫంక్షన్‌కు ప్రాప్స్‌తో సంబంధం లేకుండా పారామీటర్లు 4 అంటాను. చిరునామా సరిచూసే ఫంక్షన్ ఒకటి మీ దగ్గర ఉండే ఉంటుంది, పేరు ఖాళీనా, ఫోన్ పది అంకెలా, పిన్‌కోడ్ ఆరు అంకెలా అంటూ పద్నాలుగు రూల్స్ వరసగా. దాని స్కోరు 15 అయినా, పై నుంచి కిందికి ఒక్కసారి చదివితే అర్థమవుతుంది. దానికి మాత్రం మినహాయింపు రాసి, కారణం ఒక లైను కామెంట్‌లో పెట్టి, అలాగే ఉంచేయండి.